పాత జీపు జబ్బుకు గ్యాస్కెట్ ఒక్కటే మందా?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో పాత డీజిల్ జీపును హోదా కోసం పెట్టుకున్నవారు అరుదు. చేలోంచి ధాన్యం బస్తాలను రోడ్డుకు చేర్చేది అదే. కాన్పు నొప్పులు వచ్చిన ఇల్లాలిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకువచ్చేది అదే. నాలుగు చినుకులు పడి నల్లరేగడి దారులు బురదగుంటలైనపుడు నాలుగు చక్రాల పట్టుతో గట్టెక్కించేదీ అదే. దిగువ అహోబిలం నుంచి అడవి దారిన పావన నరసింహస్వామి సన్నిధికి భక్తులను చేరవేసే జీపులు కూడా ఈ కోవలోనివే. బండి వయసు ఇరవై, ముప్పై ఏళ్లు దాటినా దానిమీద ఆధారపడిన కుటుంబాలు దానిని విడువలేని స్థితిలో ఉన్నాయి.

అటువంటి బండ్లను ఏళ్ల తరబడి ఒకే జబ్బు పట్టి పీడిస్తోంది. ఇంజను వేడెక్కుతుంది, రేడియేటర్ నీళ్లు కక్కుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. కొత్తది వేయిస్తే కొద్ది నెలలు నడిచి మళ్లీ అదే వరస. ఈ జబ్బు సంగతి అమ్మేవారికి తెలుసు, మెకానిక్కుకు తెలుసు, డ్రైవరుకు తెలుసు. తెలియనిదల్లా అప్పుచేసి బండి కొన్న రైతుకే. జబ్బు తెలిసినదే, దానికి మందూ తెలిసినదే అయినపుడు అది ఎందుకు నయం కావడం లేదన్నది ఆలోచించవలసిన విషయం. బండి పాతదై పోయిందని సరిపెట్టుకోవడం సులభమే. కానీ చాలా సందర్భాలలో అసలు కారణం బండి వయసు కాదు, సగం పనితో సరిపెట్టే అలవాటు.

ఏమిటీ జబ్బు?

మహీంద్రా సంస్థ 1979లో ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీ నుంచి ఎక్స్.డి.పి. 4.90 అనే డీజిల్ ఇంజను తయారీకి లైసెన్సు తీసుకుంది. నాలుగు సిలిండర్ల ఈ ఇంజను సామర్థ్యం 2112 సి.సి. ఎం.ఎం. 540 జీపులలో వచ్చింది ఇదే. దీని తరువాత అదే కుటుంబంలోని 2498 సి.సి. ఇంజను ఎం.ఎం. 550 జీపులలోనూ, ఆర్మడాలలోనూ, 2000లో వచ్చిన తొలి బొలెరోలలోనూ అమర్చారు. షెడ్లలో అందరూ దీనిని ప్యూజో ఇంజను అనే పిలుస్తారు. చప్పుడు తక్కువ, వేగం ఎక్కువ, డీజిల్ పొదుపు కావడంతో అప్పట్లో అంతకుముందున్న ట్రాక్టరు రకం ఇంజనుకన్నా దీనికే గిరాకీ ఉండేది.

ఈ ఇంజను చెడ్డదని చెప్పడానికి వీలులేదు. ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్లు ప్యూజో 404, 504 కార్లలో ఐరోపా నుంచి ఆఫ్రికా దాకా టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగాయి. ఆఫ్రికా ఎండ మన ఎండకు తీసిపోయేది కాదు. అయితే దీని నిర్మాణంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కింద ఉండే బ్లాకు పోత ఇనుముది, పైన ఉండే హెడ్డు అల్యూమినియంది. వేడి తగిలితే అల్యూమినియం ఇనుముకన్నా సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. నీళ్లు సరిగా తిరుగుతూ వేడి అదుపులో ఉన్నంతవరకూ రెండింటికీ పొత్తు కుదురుతుంది. ఒక్కసారి నీళ్లు అయిపోయి ఇంజను మరిగిందంటే హెడ్డు అన్ని వైపులకూ పెరగబోతుంది. బోల్టులు దానిని కదలనివ్వవు. దాంతో అది వంకర తిరుగుతుంది. చల్లారిన తరువాత కూడా ఆ వంకర పూర్తిగా పోదు.

హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పలుచని రేకులాంటి పొరే గ్యాస్కెట్. డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కడం వల్ల పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. అంతటి ఒత్తిడిని ఆపవలసింది ఆ పలుచని పొరే. హెడ్డు వెంట్రుక మందాన వంగినా చాలు, ఆ సందులోంచి మంట దారి చేసుకుంటుంది. గ్యాసు నీటి దారిలోకి పోతే రేడియేటర్‌లో బుడగలు లేస్తాయి, నీళ్లు పైకి ఎగదన్నుతాయి. నీళ్లు ఆయిల్‌లోకి పోతే ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు తిరిగి బేరింగులను తినేస్తుంది. నీళ్లు సిలిండర్‌లోకి దిగి నిలిస్తే తెల్లవారి సెల్ఫు కొట్టినపుడు ఇంజను ఇరుక్కుంటుంది. నీళ్లు గాలిలాగా నలగవు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోయే ప్రమాదం కూడా లేకపోలేదు.

ఎండ, కొండ, ఉప్పునీరు

ఈ జబ్బు దేశమంతటా ఉన్నదే అయినా ఈ ప్రాంతంలో ఎక్కువగా వినబడడానికి కారణాలున్నాయి. వేసవిలో నంద్యాల ఎండ 43, 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. చల్లబరచవలసిన గాలే సెగలాగా ఉంటే రేడియేటర్ మాత్రం ఏమి చేయగలదు?

కొండదారులు రెండవ కారణం. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాటు, ఎగువ అహోబిలం ఎక్కుడు, అడవిలోని రాళ్లదారులు, ఇక్కడి బండ్లకు నిత్యం ఎదురయ్యేవే. నాలుగు చక్రాల గేరు వేసి, లో గేరులో రాళ్లమీద ఎక్కుతున్నపుడు ఇంజను వేగంగా తిరుగుతుంది గానీ బండి నడక మనిషి నడకను మించదు. ముందునుంచి గాలి తగలదు. ఫ్యాను లాగిన గాలే దిక్కు. ఆ ఫ్యాను బెల్టు వదులైనా, రేడియేటర్ సందులు బురదతో, గడ్డిగింజలతో, పురుగులతో మూసుకుపోయినా ఇక చెప్పనవసరం లేదు. ఎనిమిదిమంది కూర్చోవలసిన బండిలో పదిహేనుమందిని ఎక్కించి ఆ దారిన తోలితే దాని ఫలితం ఇంజనే అనుభవిస్తుంది. ఇంజను తరువాత యజమాని అనుభవిస్తాడు.

మూడవది నీరు. దీనిని చాలామంది పట్టించుకోవడం లేదు. దారిలో ఏ బోరు కనబడితే ఆ బోరు నీళ్లు, ఏ కాలువ కనబడితే ఆ కాలువ నీళ్లు రేడియేటర్‌లో పోస్తున్నారు. ఉప్పుబోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని చట్టు కట్టడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ చట్టే రేడియేటర్ గొట్టాలలో, ఇంజను లోపలి నీటి దారులలో పేరుకుపోతుంది. పైకి రేడియేటర్ నిండుగా కనబడుతున్నా లోపల నీళ్లు సగం దారిలోనే తిరుగుతూ ఉంటాయి. అంతేగాక ఇనుము, అల్యూమినియం, రేడియేటర్‌లోని రాగి ఇత్తడి ఒకే ఉప్పునీటిలో మునిగి ఉంటే అల్యూమినియం మెల్లగా తినివేయబడుతుంది. హెడ్డులో నీటి రంధ్రాల చుట్టూ గుంటలు పడి గ్యాస్కెట్‌కు ఆనుడు లేకుండా పోతుంది.

కూలెంట్ అంటే మంచు కురిసే దేశాలవారికి కావలసినదని, మన ఎండలకు దానితో పనిలేదని ఒక అపోహ ఉంది. నీళ్లు గడ్డకట్టకుండా చూడడం దాని పనులలో ఒకటి మాత్రమే. లోహాలు తుప్పు పట్టకుండా చూడడం, నీళ్లు మరిగే వేడిని కొంత పెంచడం అన్నవి మనకు కావలసిన పనులు. శుభ్రమైన నీటిలో, డబ్బామీద రాసిన పాళ్లలో కూలెంట్ కలిపి పోయడానికి అయ్యే ఖర్చు ఒక గ్యాస్కెట్ పని కూలితో పోల్చితే లెక్కలోనిది కాదు. బ్యాటరీ నీళ్లుగాని, శుభ్రంగా పట్టుకున్న వాననీళ్లుగాని ఇందుకు మేలు.

గ్యాస్కెట్ మార్చి పంపడం

రహదారి మీద బండి ఆగిపోయిందనుకుందాం. సామాన్యంగా జరిగేది ఇది. బండిని తాడుకట్టి షెడ్డుకు లాక్కువస్తారు. మెకానిక్ హెడ్డు విప్పి, పాత గ్యాస్కెట్ గీకి, కొత్తది పరచి, బోల్టులు చేతి అంచనాతో బిగించి సాయంత్రానికల్లా బండి అప్పగిస్తాడు. యజమాని సంతోషిస్తాడు. హెడ్డు వంగి ఉన్నదా, పగిలి ఉన్నదా అని చూసినవారు లేరు. అసలు ఇంజను ఎందుకు వేడెక్కిందని అడిగినవారూ లేరు. మళ్లీ వేసవి రాకముందే, ఒక్కొక్కసారి మళ్లీ నెల తిరగకముందే, అదే బండి అదే షెడ్డు ముందు నిలుస్తుంది.

తప్పంతా మెకానిక్కుల మీద తోయడం న్యాయం కాదు. ఈ ప్రాంతపు మెకానిక్కులలో చాలామంది చిన్నతనంలోనే షెడ్డులో చేరి, స్పానర్లు అందిస్తూ పని నేర్చుకున్నవారు. చప్పుడు విని జబ్బు చెప్పగల నేర్పరులు వారిలో ఉన్నారు. హెడ్డు లేత్ షాపుకు పంపాలి, రెండురోజులు పడుతుంది, ఇంత అవుతుందని చెబితే యజమాని ఒప్పుకోడు. పక్క షెడ్డువాడు ఒక్కపూటలో, సగం డబ్బుకు చేస్తానంటాడు. పెండ్లి ట్రిప్పు ఒప్పుకున్నామని, కోతలు మీదపడ్డాయని యజమాని తొందరపెడతాడు. ఆ తొందరలో సగం పనికే ఇద్దరూ రాజీపడతారు. ఆనాటికి మిగిలినట్టు కనబడిన డబ్బు మూడు గ్యాస్కెట్ల తరువాత ఎక్కడికి పోయిందో ఎవరూ లెక్కవేయరు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

సరైన మరమ్మతు ఏది?

హెడ్డును ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే విప్పాలి. వేడిమీద విప్పితే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది. విప్పిన తరువాత సూటిపట్టీ నిలువుగా, అడ్డంగా, మూలకుమూలగా పెట్టి, కింద ఫీలర్ గేజి దూర్చి వంకర ఎంతో చూడాలి. ఎంతవరకు ఫరవాలేదన్నది కంపెనీ పుస్తకంలో ఉంటుంది. సామాన్యంగా అది మిల్లీమీటరులో పదోవంతుకు అటూఇటూగానే ఉంటుంది. అంటే కంటికి ఆనేది కాదు. కంటిచూపుతో బాగుందనడం వల్లనే మోసం జరుగుతోంది. హెడ్డుతోపాటు బ్లాకు పైభాగాన్ని కూడా ఇదేవిధంగా చూడాలి.

తరువాత పగుళ్ల పరీక్ష. వాల్వుల నడుమ, మంట పుట్టే చిన్న గదుల దాపున వేడికి సన్నని పగుళ్లు వచ్చే అవకాశం ఉంది. నీటి రంధ్రాలు మూసి లోపలికి గాలి పట్టి, నీళ్లలో ముంచి బుడగలు వస్తాయేమో చూసే పద్ధతి పెద్ద లేత్ షాపులలో ఉంది. పగిలిన హెడ్డుకు ఎన్ని గ్యాస్కెట్లు వేసినా బూడిదలో పోసిన పన్నీరే.

వంకర ఉంటే లేత్ షాపులో హెడ్డును చదును చేయిస్తారు. దీనికీ హద్దు ఉంది. ఎక్కువగా గీయిస్తే వాల్వులు పిస్టన్లకు దగ్గరై తగిలే ప్రమాదం ఉంది. లోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. అందుకే ఇదివరకు ఎన్నిసార్లు గీయించారన్న సంగతి ముఖ్యం. ఆ లెక్క ఎవరిదగ్గరా ఉండకపోవడమే విచారకరం. పాత హెడ్డు హద్దు దాటితే దానిని పారవేసి మంచిది వేసుకోవడం తప్ప మార్గం లేదు.

బోల్టుల బిగింపు మరొక ముఖ్యమైన సంగతి. నడుమ బోల్టుల నుంచి మొదలుపెట్టి చివరలకు, ఒకేసారి కాక రెండుమూడు విడతలుగా, టార్క్ రెంచితోనే బిగించాలి. చేతి బలం ఉదయం ఒకలాగా, సాయంత్రం ఒకలాగా ఉంటుంది. ఒక బోల్టు ఎక్కువ, ఒక బోల్టు తక్కువ బిగిస్తే కొత్త హెడ్డు కూడా వంకర పోతుంది. కొంతకాలం నడిచిన తరువాత మళ్లీ ఒకసారి బిగింపు చూడాలని కంపెనీ పుస్తకం చెబితే ఆ మాట పాటించాలి. ఆ రెండవ బిగింపుకు బండి తీసుకురమ్మని మెకానిక్ చెప్పినా యజమానులు రావడం లేదన్నది కూడా నిజం.

ఇంతా చేసి అసలు కారణాన్ని వదిలేస్తే ఫలితం సున్న. రేడియేటర్ విప్పి లోపలి చట్టు తీయించాలి. వాటర్ పంపు కారుతున్నదా, ఫ్యాను బెల్టు జారుతున్నదా, గొట్టాలు మెత్తబడినాయా చూడాలి. రేడియేటర్ మూత సంగతి మరీ ముఖ్యం. ఆ మూత కేవలం నీళ్లు ఒలకకుండా ఉండేందుకు పెట్టినది కాదు. అది లోపల ఒత్తిడి నిలిపితేనే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. రబ్బరు చీలిన మూత, కొలత కాని మూత పెట్టుకుని తిరిగే బండ్లు ఎన్నో ఉన్నాయి. గుడ్డ చుట్టి బిగించినవీ లేకపోలేదు.

డ్రైవరు చేతిలోనే సగం

ఇంజను ఒక్కక్షణంలో చెడిపోదు. ముందుగా సూచనలు ఇస్తుంది. రోజూ నీళ్లు తగ్గుతున్నా కింద కారిన గుర్తు లేకపోతే అనుమానించాలి. ఉదయం స్టార్టు చేసినపుడు తెల్లని పొగ వచ్చి ఆగకపోయినా, గొట్టం రాయిలాగా గట్టిపడుతున్నా, ఆయిల్ కడ్డీకి నురుగు అంటినా బండిని ఆ రోజే చూపించాలి. బండి తిరుగుతూనే ఉంది కదా అని వారం రోజులు తోలితే గ్యాస్కెట్‌తో పోయేది బేరింగుల దాకా వస్తుంది.

చాలా పాత జీపులలో వేడి చూపే మీటరు పనిచేయడం లేదు. డాష్‌బోర్డులో ముల్లు ఎప్పుడూ కిందనే పడి ఉంటుంది. కొత్త మీటరు, దాని తీగె పెద్ద ఖర్చు కాదు. అయితే దాన్నే పూర్తిగా నమ్మడం కూడా పొరపాటే. నీళ్లన్నీ కారిపోతే మీటరు మొనకు నీరు తగలక వేడిని సరిగా చూపదు. అందుకని ముల్లు హఠాత్తుగా పడిపోయినా ఆపి చూడాలి.

దారిలో ఇంజను మరిగితే డ్రైవర్లు చేసే రెండు పనులు ప్రమాదకరమైనవి. ఒకటి, వెంటనే మూత తీయడం. ఒత్తిడిలో ఉన్న మరిగే నీళ్లు ముఖానికి కొట్టి చూపు పోయే ప్రమాదం ఉంది. రెండు, మండుతున్న ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించడం. పొయ్యిమీద కాలిన పెంకుమీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. బండి నీడలో ఆపి, ఇంజను ఆర్పి, బానెట్ ఎత్తి కనీసం అరగంట, ముప్పావుగంట ఆగాలి. మూత చేతికి వేడి తగలనంతగా చల్లారిన తరువాత మందపాటి గుడ్డతో మెల్లగా తిప్పాలి. ఆ తరువాతనే నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. ఎక్కిన ప్రయాణికులు కూడా ఆ అరగంట డ్రైవరును తొందరపెట్టకుండా ఉంటే వారికే మేలు.

అమ్మేవారి మౌనం

బండి చేతులు మారేటపుడే ఈ జబ్బు అసలు నష్టం తెస్తుంది. హెడ్డు పగిలిందని తెలిసిన యజమాని దానిని బాగుచేయించేకన్నా, కొత్త గ్యాస్కెట్ వేసి, రంగు పూయించి అమ్మివేయడం సులభమనుకుంటాడు. రేడియేటర్‌లో కారకాన్ని ఆపే మందు పోసి బేరం కుదిరేదాకా నడిపించే ఉపాయాలు కూడా ఉన్నాయి. కొనేవాడు ఇంజను చప్పుడు విని, ఊళ్లో ఒక చుట్టు తిరిగి, బయానా ఇచ్చేస్తాడు. వడ్డీకి తెచ్చిన డబ్బు, తాకట్టు పెట్టిన బంగారం ఆ బండిలో పోస్తాడు. నెల తిరిగేసరికి బండి షెడ్డులో, వడ్డీ ఇంట్లో ఉంటాయి. ఆడపిల్ల పెండ్లికి దాచిన నగ హెడ్డు మరమ్మతుకు కరగడం కన్నా శోచనీయమైనది ఏముంటుంది?

కొనదలచినవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నపుడు, అంటే తెల్లవారుజామున పోయి చూడాలి. ముందుగానే స్టార్టు చేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారనుకోవాలి. చల్లగా ఉండగానే మూత తీసి నీళ్ల రంగు, నూనె తెట్టు చూడాలి. మూత తీసే ఉంచి స్టార్టు చేయించి బుడగలు ఆగకుండా లేస్తున్నాయేమో గమనించాలి. ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటి పూత ఉందేమో చూడాలి. కనీసం ఇరవై, ముప్పై కిలోమీటర్లు, వీలైతే ఎక్కుడు దారిలో నడిపి చూడాలి. తమకు తెలిసిన మెకానిక్కును వెంట తీసుకుపోవాలి గాని అమ్మేవారు చూపిన మెకానిక్కును నమ్మరాదు. హెడ్డు ఎపుడు విప్పారు, ఎన్నిసార్లు గీయించారన్న మాట అమ్మకం కాగితంలోనే రాయించుకోవాలి. రాయడానికి వెనుకాడితే ఆ బేరం మానుకోవడమే మంచిది.

ఇంజను మార్పిడితో చిక్కు

ఈ బెడద పడలేక కొందరు ప్యూజో ఇంజను తీసివేసి పోత ఇనుము హెడ్డున్న ట్రాక్టరు రకం ఇంజనును, లేదా వేరే బండి ఇంజనును దించుకుంటున్నారు. ఆ పని బాగానే నడవవచ్చు. కాని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా బండిలో ఇటువంటి మార్పులు చేయరాదు. మార్చిన ఇంజను నంబరు ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. అలా చేయని బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడ్డంకులు పెట్టవచ్చు. చనిపోయిన, గాయపడిన ప్రయాణికుల కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారం యజమాని ఇంటిమీదికే రావచ్చు. పదిహేనేళ్లు నిండిన సొంత బండ్లకు ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకునేటపుడు కూడా నంబరు కలవకపోతే చిక్కే. దించిన పాత ఇంజను ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చిందన్న కాగితం లేకపోతే దొంగ సొత్తు కొన్న అపవాదు మీద పడే ప్రమాదం కూడా ఉంది.

పాత బండ్లన్నీ తుక్కుకు వేసి కొత్తవి కొనుక్కోవచ్చు కదా అనేవారున్నారు. కేంద్ర ప్రభుత్వం 2021లో పాత వాహనాల తుక్కు విధానం కూడా ప్రకటించింది. పొగ కక్కుతూ బ్రేకులు పట్టని బండ్లు రోడ్డు మీద ఉండకూడదన్న మాటలో సందేహం లేదు. కానీ ఐదారెకరాల రైతుకు కొత్త ఫోర్‌వీల్ బండి కొనే శక్తి ఎక్కడిది? కొత్త బండి వాయిదాల కన్నా పాత బండికి సరైన మరమ్మతే అతనికి అందుబాటులో ఉన్న మార్గం. సరిగా చూసుకుంటే ఈ ఇంజను ఇంకా ఏళ్లు పనిచేస్తుంది. పనికిరాని దశ వచ్చినపుడు తుక్కుకు పంపడం ఎలాగూ తప్పదు.

ఎవరేం చేయాలి?

మొదటి పని రశీదు. ఏ పని చేశారు, హెడ్డు కొలత ఎంత వచ్చింది, గీశారా లేదా, ఏ సామాను వేశారన్నది ఒక చీటీమీద రాసి ఇవ్వడం ప్రతి షెడ్డులోనూ అలవాటు కావాలి. యజమానులు ఆ చీటీలను ఆర్.సి. పుస్తకంతోపాటు దాచుకోవాలి. దీనివల్ల మెకానిక్కుకు కూడా మేలే. యజమాని ఒప్పుకోక వదిలేసిన పని ఏదో అందులోనే రాసి ఉంటే తరువాత నింద అతనిమీద పడదు.

రశీదు ఉంటే చట్టం కూడా అండగా ఉంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు సేవ కిందికి వస్తుంది. స్వయంగా నడుపుకుంటూ దానిమీదనే బతికేవారు కూడా వినియోగదారులే. అది వ్యాపారం కదా అని వారిని తోసివేయడానికి వీలులేదు. నష్టపోయినవారు రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు. చేతిలో కాగితం లేనివాడి మాట మాత్రం అక్కడ కూడా నిలవడం కష్టం.

రెండవది శిక్షణ. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. పట్టణంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. వాటిలో కొలత సాధనాలున్నాయి, చదువుకున్న అధ్యాపకులున్నారు. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, నంద్యాల షెడ్లలో అనుభవం ఉన్న పనివారున్నారు. ఈ ఇద్దరూ ఏడాదికి ఒక్కసారైనా ఒకచోట కలిస్తే టార్క్ రెంచి, ఫీలర్ గేజి వాడకం ప్రతి షెడ్డుకూ చేరుతుంది. విద్యార్థులకు కూడా పుస్తకంలో బొమ్మగా చూసిన హెడ్డు చేతికి వస్తుంది.

మూడవది వేసవికి ముందు తనిఖీ. అహోబిలం బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో వస్తాయి. ఆ వెంటనే ఎండలు ముదురుతాయి. అడవి దారిన భక్తులను ఎక్కించుకునే జీపులకు ఉత్సవాలకు ముందుగానే రేడియేటర్, బెల్టు, మూత, మీటరు, వీటితోపాటు బ్రేకులు పరీక్షించే ఏర్పాటు రవాణా శాఖ, అటవీ శాఖ, జీపు యజమానులు కలిసి చేయవచ్చు. చీకటిపడే వేళ అడవి నడుమ బండి మరిగి ఆగిపోతే ముసలివారు, పిల్లలు పడే అవస్థ అంతా ఇంతా కాదు. తనిఖీ పేరుతో వసూళ్లు మొదలైతే మాత్రం ఉన్న మంచి కూడా పోతుంది. ఆ విషయంలో అధికారులు జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

చివరకు భారమంతా యజమాని మీదనే ఉంది. ఎద్దుకు కాలు కుంటితే ఆ రోజు కాడి కట్టని రైతు, జీపు నీళ్లు కక్కుతుంటే మాత్రం ఈ ఒక్క ట్రిప్పు అయిపోనీ అనుకుంటున్నాడు. నోరున్న పశువు అరుస్తుంది, నోరులేని ఇంజను ఆవిరి కక్కుతుంది. ఈసారి హెడ్డు విప్పినపుడు ఆ రెండురోజులు ఆగి, లేత్ షాపులో కొలిపించి, కొలత కాగితం మీద రాయించుకున్న రైతు మళ్లీ మూడవ గ్యాస్కెట్ కొనవలసిన అవసరం రాదు. రబీ పనులు ముగిసి ఎండలు ముదరకముందే ఆ పని పెట్టుకోవడం మంచిది.